తలకోనలో నిజంగా నడవడానికి దారులున్నాయా, లేక జలపాతం కింద తడిసి రావడమేనా?

బాటసారి_హైద్
దసరా అయ్యాక నాలుగు రోజులు సెలవు దొరికేలా ఉంది. తిరుమల దర్శనం టికెట్లు ఎలాగూ బుక్ చేశాం, పనిలో పనిగా తలకోన కూడా చూసొద్దామని ఇంట్లో అనుకుంటున్నాం. మాతో మా అమ్మ వస్తుంది (62, మోకాళ్లు అంతంతమాత్రం), ఎనిమిదేళ్ల బాబు ఉన్నాడు. నాకూ మా ఆవిడకీ కావాల్సింది అడవిలో నడక, కనీసం రెండు మూడు గంటలు, చెట్లూ పిట్టలూ చూస్తూ. యూట్యూబ్‌లో ఏ వీడియో తెరిచినా జలపాతం కింద కేకలు, డ్రోన్ షాట్లు, "ఫ్రెండ్స్ లైక్ కొట్టండి" తప్ప దారి ఎలా ఉంటుంది, ఎందాకా పోనిస్తారు, గైడు కావాలా ఇవేవీ ఎవడూ చెప్పట్లేదు. పైగా మా ఆఫీసులో ఒకాయన ఎర్రచందనం గొడవ వల్ల అసలు అడవిలో అడుగు పెట్టనివ్వరని భయపెడుతున్నాడు. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

భాకరాపేట_బాబు
మా ఊరు మీదనే పోవాల అన్నా తలకోనకు. తిరుపతి నుంచి భాకరాపేట, ఆడ్నించి నేరబైలు, ఆపైన తలకోన, మొత్తం అరవై కిలోమీటర్ల లోపే. భాకరాపేట ఘాట్ దగ్గర మాత్రం నిదానంగా రాండి, మలుపులు చెడ్డవి. హైదరాబాదు నుంచి కార్లో నేరుగా వస్తే కడప, రాయచోటి, పీలేరు మీదగా రావచ్చు. గుడి దగ్గర దాకా బండి వస్తాది, ఆడ్నించి నడకే.

మదనపల్లె_టమాటా
ఒక్క మాట చెప్తా, ఆదివారం మాత్రం వెళ్లొద్దు. మేము బెంగళూరు నుంచి వెళ్లేవాళ్లమే దాన్ని పాడు చేసేది, సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నా మా జాతి తరఫున 😀 టెంపోలకి టెంపోలు దిగుతాయి, బ్లూటూత్ స్పీకర్లు, బిర్యానీ పొట్లాలు. మంగళవారం బుధవారం వెళ్తే అదే చోటు వేరే లోకంలా ఉంటుంది.

గోంగూర_గుంటూరు
స్పీకర్లు పర్లేదు, సీసాలు పగలగొట్టి నీళ్లలో వేసే వాళ్లనేం చెయ్యాలి? మా తమ్ముడి కాలు కోసుకుపోయి పీలేరు దాకా రక్తం కార్చుకుంటూ తీసుకుపోయాం. నీళ్లలోకి చెప్పులు లేకుండా దిగొద్దు, అందులో పిల్లాడితో అసలు దిగొద్దు.

బీటు_మనిషి
మా నాయన అటవీ శాఖలో వాచరుగా చేసి రిటైరయ్యాడు, ఆ కొండల్లోనే పెరిగాను కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

మీ ఆఫీసాయన చెప్పింది సగం నిజం. తలకోన అనేది శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు లోపల ఉంది, 353 చదరపు కిలోమీటర్లు, 1989లో జాతీయ పార్కు చేశారు. 2010లో ఆ చుట్టుపక్కల మొత్తాన్ని కలిపి శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు అన్నారు. జాతీయ పార్కు అంటే 1972 వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది, పర్మిషన్ లేకుండా లోపల తిరగడం నేరమే, అది ఎర్రచందనం ఉన్నా లేకపోయినా. జనానికి తెరిచిన భాగం ఉంది, టికెట్ తీసుకుని పోవచ్చు, గుడి, జలపాతం, పైన గుండం, కొన్ని నడక దారులు. ఆ గీత దాటితే ఎవరైనా ఆపుతారు.

ఇక ఎర్రచందనం. ప్రపంచంలో ఆ చెట్టు సహజంగా పెరిగేది మన కడప, చిత్తూరు, నెల్లూరు వైపు కొండల్లోనే ఎక్కువ. అందుకే దాని మీద అంత కన్ను. 2015 ఏప్రిల్‌లో శేషాచలంలో 20 మంది కూలీలు కాల్పుల్లో చనిపోయిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. దాని తప్పొప్పుల్లోకి నేను పోను, కానీ అలాంటి అడవిలో వీపున బ్యాగు వేసుకున్న పదిమంది తెలీని మనుషులు దారి తప్పి తిరుగుతుంటే వాచరు ఏమనుకుంటాడు? చీకట్లో దూరం నుంచి చూస్తే ట్రెక్కింగ్ బ్యాగూ కూలీ మూటా ఒకటే. లోపల తిరగనివ్వకపోవడం మీ మంచికే అని అర్థం చేసుకోండి.

లోకల్ మనిషిని తోడు తీసుకుంటే ఈ తలనొప్పులేవీ ఉండవు. తలకోనలో వన సంరక్షణ సమితి వాళ్లే ఎకో టూరిజం చూసుకుంటారు, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. టికెట్ దగ్గర అడిగితే మనిషిని పంపుతారు. ఆ డబ్బు ఆ ఊళ్లకే పోతుంది.

చెన్నపట్నం_చిన్నోడు
పైన బీటు_మనిషి గారు బాగా రాశారు గానీ "మీ మంచికే" అన్న మాట దగ్గర నాకు కొంచెం మండుతుంది. ప్రతి దానికీ అదే మాట. తమిళనాడులో 2018 మార్చిలో కురంగణి మంటల్లో ట్రెక్కర్లు చనిపోయారు, అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది చెప్పండి, మొదట వాళ్లూ అన్నీ ఆపేశారు. తర్వాత 2024 అక్టోబరులో 40 దారులు తెరిచి, ఆన్‌లైన్‌లో బుకింగ్ పెట్టి, కొండల్లో ఉండే వాళ్లనే గైడ్లుగా ట్రైనింగ్ ఇచ్చి పంపిస్తున్నారు. దారి సులువా కష్టమా, ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు, అన్నీ ముందే రాసుంటాయి. శేషాచలంలో అలాంటివి ఒక పది దారులు తెరవడానికేం? మూసెయ్యడం తేలిక, నడపడం కష్టం, అంతే తేడా.

మదనపల్లె_టమాటా
కర్ణాటకలో కూడా అంతే. 2024 జనవరిలో కుమార పర్వతం మీద జనం తిరునాళ్లకి వచ్చినట్టు వచ్చి పడ్డారు, ఫోటోలు చూసే ఉంటారు, అప్పుడు ట్రెక్కులు ఆపి తర్వాత ఆన్‌లైన్ టికెట్, రోజుకి ఇంతమందే అని లిమిట్ పెట్టారు. లిమిట్ ఉంటే అడవికీ మంచిదే, మనకీ మంచిదే.

బీటు_మనిషి
చిన్నోడు గారూ, నేను వద్దనట్లేదు, పెడితే మొదట సంతోషించేది మా ఊరి కుర్రాళ్లే. కానీ కురంగణిలో దెబ్బ తీసింది మంట. ఇక్కడ మంటలున్నాయి (2014 మార్చిలో తిరుమల అడవి కాలినప్పుడు ఎయిర్ ఫోర్స్ హెలికాప్టర్లు వచ్చి నీళ్లు పొయ్యాల్సి వచ్చింది), గొడ్డలి పట్టుకున్నోళ్లున్నారు, ఏనుగులున్నాయి. 2025 శివరాత్రికి ముందు గుండాలకోన దగ్గర అడవి దారిన నడిచిపోతున్న భక్తుల మీద ఏనుగులు పడి ప్రాణాలు పోయాయి. వాళ్లు ట్రెక్కర్లు కాదు, ఏడాదికోసారి అదే దారిలో పోయే పల్లెజనం. దారి తెలిసిన వాళ్లకే అలా అయింది.

చెన్నపట్నం_చిన్నోడు
అందుకే కదా గైడు, అందుకే కదా సీజన్ చూసి తెరవడం. ఏనుగులు ఎటు ఉన్నాయో మీ వాచర్లకి రోజూ తెలుస్తుంది కదా, ఆ రోజు ఆ దారి మూసేస్తే సరి. సరే ఇది వేరే చర్చ, పాపం అడిగిన మనిషిని వదిలేసి మనం కొట్టుకుంటున్నాం.

ఎడిసన్_ఎల్లయ్య
మా న్యూజెర్సీలో స్టోక్స్ స్టేట్ ఫారెస్ట్ అని ఉంది, వీకెండ్ అయితే సగం మంది మన వాళ్లే, పులిహోర డబ్బాలతో. అక్కడ చెట్లకి రంగు గుర్తులు వేసుంటాయి, ఆ రంగు పట్టుకుని పోతే చాలు, దారి తప్పమన్నా తప్పం. గైడు లేదు, అడిగేవాడు లేడు. ఎలుగుబంట్లు కూడా ఉన్నాయి, అయినా ఎవరి జాగ్రత్త వాళ్లది. మన దగ్గర కనీసం ఆ రంగు గుర్తులు వేస్తే సగం సమస్య పోతుంది.

భాకరాపేట_బాబు
ఎల్లయ్యన్నా, మీ ఆడ చెట్టు కొడితే పొయ్యిలోకి వస్తాది. మా ఈడ చెట్టు కొడితే దేశాలు దాటిపోతాది. రంగు గుర్తులేస్తే దొంగోడికి కూడా దారి చూపించినట్లే 😂

ఎడిసన్_ఎల్లయ్య
సరే ఒప్పుకున్నా బాబూ 😂

ఓరుగల్లు_పోరడు
మా దిక్కు అమ్రాబాద్ పులుల అడవిల కూడ గిదే ముచ్చట. మన్ననూరు చెక్‌పోస్టు దాటినంక రోడ్డు పక్కన బండి ఆపి లోపటికి పోతే ఫైన్ ఏస్తరు, రాత్రి అయితే గేటే మూసేస్తరు. ఫర్హాబాద్ వ్యూపాయింట్‌కు వాళ్ల బండ్లల్నే పోవాలె. మొదట్ల నాకూ కోపమొచ్చేది. గని చెంచు గైడుతోని సఫారీ పోయిన్నాడు తెలిసింది, మనం పది సార్లు పోయినా కనవడనియ్యి ఆయన ఒక్క గంటల చూపిచ్చిండు. మట్టిల గీత చూసి ఏ జంతువు ఎప్పుడు పోయిందో చెప్తడు. గైడును తీస్కో అన్నా, పైసలు పోతయని చూడకు.

బాటసారి_హైద్
ఇంత వస్తుందనుకోలేదు, థాంక్స్ అందరికీ. గైడు విషయం తేలిపోయింది, తీసుకుంటాం. ఇప్పుడు అమ్మ సంగతి చెప్పండి. ఆవిడ గుడి దాకా వస్తే చాలా, జలపాతం దాకా నడవగలదా? మెట్లున్నాయా?

అత్తగారి_కోడలు
నేను చెప్తా, మా అత్తయ్యని తీసుకెళ్లిన అనుభవంతో. గుడి (సిద్ధేశ్వరస్వామి) దగ్గర దాకా కారు పోతుంది కాబట్టి అక్కడికి ఇబ్బంది లేదు. అక్కణ్ణుంచి జలపాతానికి దారి బాగానే వేశారు, కొన్ని చోట్ల మెట్లు, కొన్ని చోట్ల రాళ్లు, ఎక్కడం దిగడం రెండూ ఉంటాయి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి ఎక్కడం కన్నా దిగడం కష్టం, అది గుర్తుపెట్టుకోండి. మా అత్తయ్య సగం దాకా వచ్చి ఒక చెట్టు కింద కూర్చుని "మీరు పోయి రండి, నేను ఇక్కడే జపం చేసుకుంటా" అన్నారు, తీరా మేము తిరిగొచ్చేసరికి అక్కడ కూర్చున్న ఇంకో ముగ్గురు పెద్దావిడలతో కోడళ్ల మీద మహాసభ నడుస్తోంది. చేతికర్ర తప్పనిసరి. ఇంకోటి, తడిసిన బట్టలు మార్చుకోవడానికి ఆడవాళ్లకి అన్ని రోజుల్లో ఒకేలా ఉండదు, పెద్ద దుప్పటో చున్నీనో పెట్టుకెళ్లండి. టాయిలెట్ పని కింద గుడి వైపే చూసుకుని పైకి ఎక్కండి.

గోంగూర_గుంటూరు
"కోడళ్ల మీద మహాసభ" 🤣 అధ్యక్షత వహించింది ఎవరండీ

అత్తగారి_కోడలు
మా అత్తయ్యే, ఇంకెవరు. ఏకగ్రీవం.

రైల్వే_రిటైర్డ్
నేను పాకాలలో ఉద్యోగం చేసే రోజుల్లో తలకోన అంటే ఎవరికీ తెలియదు, శివరాత్రికి మాత్రం బండ్లు కట్టుకుని జనం వచ్చేవారు. కార్తీక మాసంలో వనభోజనాలకి మేము పోయేవాళ్లం. ఇప్పుడు కార్తీక సోమవారాలు మాత్రం వెళ్లకండి, గుడి దగ్గర కాలు పెట్టే చోటు ఉండదు. దసరా తర్వాత అన్నారు కాబట్టి దీపావళికి ముందే ముగించుకుంటే మేలు. దానికి తోడు ఆ నెలల్లో తుఫాను పట్టిందంటే వాగు ఒక్కసారిగా పొంగుతుంది. 2021 నవంబరు వానలకి శ్రీవారి మెట్టు దారే కొట్టుకుపోయి 2022 మే దాకా మూసేశారు, అది రాతి మెట్ల దారి, ఇక కొండవాగు సంగతి చెప్పక్కర్లేదు. వాన పడుతుంటే పైకి పోవద్దు, ఇక్కడ ఎండ కాస్తున్నా పై కొండల్లో కురిసి ఉండొచ్చు.

భాకరాపేట_బాబు
పెద్దాయన చెప్పింది కరెక్టు. నీళ్ల రంగు చూడండి సార్, తేటగా ఉన్నే నీళ్లు ఎర్రగా మారి ఆకులు పుల్లలు కొట్టుకొస్తా ఉంటే అదే నిమిషం బయటికి వచ్చేయాల. బట్టలు గిట్టలు అని వెనక్కి పోవద్దు.

పిట్టలదొర
నడక అని ఎవరైనా అడిగితే నా చెవులు నిక్కబొడుచుకుంటాయి. జలపాతం 270 అడుగులు, ఆంధ్రాలో ఎత్తైనదని అందరూ దాన్నే చూస్తారు, తలెత్తి ఫోటో తీసుకుని పోతారు. అక్కడ అసలు చూడాల్సింది దారి పొడుగునా ఉంది. గిల్లతీగ చూడండి, మనిషి తొడంత లావున మెలికలు తిరిగి ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదకి పాకుతుంది, దాని కాయ ఒక్కొక్కటి మూరెడు పైనే ఉంటుంది. మీ బాబుకి చూపిస్తే జలపాతం కన్నా అదే గుర్తుంటుంది.

బంగారు బల్లి అని ఇంకోటి. శేషాచలం కొండల్లో తడి రాతి సందుల్లో ఉంటుంది, మగదైతే నిజంగానే బంగారం పూసినట్టు పచ్చగా ఉంటుంది. 1870లో బెడ్డోమ్ అనే ఆయన దానికి పేరు పెట్టాక వందేళ్ల పైన ఎవరికీ కనబడలేదు, మళ్లీ 1980ల్లో తిరుమల కొండల్లో దొరికింది. అది రాత్రిపూట తిరిగేది కాబట్టి పగలు కనిపించడం అదృష్టం, వెతుక్కుంటూ రాతి సందుల్లో చేతులు పెట్టకండి, అక్కడ దానితో పాటు ఇంకా ఎవరెవరో కాపురం ఉంటారు.

దేవాంగ పిల్లి (పిల్లి కాదు, రాత్రిపూట తిరిగే స్లెండర్ లోరిస్), బెట్లుడత (పెద్ద అడవి ఉడత), కొండగొర్రె, రేచుకుక్కలు అన్నీ ఆ అడవిలో ఉన్నాయి గానీ జనం తిరిగే దారిలో మీకు కనబడేది కోతులూ, అదృష్టముంటే అడవికోడి. పొద్దున ఏడు లోపు నడక మొదలుపెట్టగలిగితేనే పిట్టలు. పది దాటితే అవి నోరు మూస్తాయి, మనుషులు తెరుస్తారు.

మదనపల్లె_టమాటా
దొరవారూ, పొద్దున ఏడింటికి అక్కడ ఉండాలంటే తిరుపతిలో ఐదింటికి బయల్దేరాలి, ఎనిమిదేళ్ల పిల్లాడూ అరవై దాటిన అమ్మా ఐదింటికి కార్లో ఎక్కుతారా? ముందు రోజు రాత్రే తలకోనలో ఉంటే పోతుంది కదా. అక్కడ టూరిజం వాళ్ల కాటేజీలూ, అటవీ శాఖ వాళ్ల గదులూ రెండూ ఉన్నాయి. వీకెండ్ అయితే దొరకవు, వారం మధ్యలో దొరుకుతాయి. ముందే ఫోన్ చేసి ఖాయం చేసుకోండి, అక్కడికెళ్లి చూద్దాంలే అనుకుంటే సాయంత్రం ఘాట్ రోడ్డు మళ్లీ దిగాల్సి వస్తుంది.

పిట్టలదొర
అది నిజమే, రాత్రి ఉండటమే సరైన పని. వరండాలో కూర్చుంటే చాలు, ఆ చప్పుళ్లకే టికెట్ డబ్బులు వసూలైపోతాయి.

బాటసారి_హైద్
కానోపీ వాక్ అని తాళ్ల వంతెన ఉంటుందట కదా, బాబు దాని వీడియో చూసి అప్పట్నుంచి అదే పాట. పిల్లల్ని ఎక్కనిస్తారా?

బీటు_మనిషి
ఉంది, 240 మీటర్ల పొడవు, చెట్ల నడుమ తాళ్లతో కట్టారు. కానీ వానలకీ రిపేర్లకీ మూసేస్తుంటారు, దాన్నే నమ్ముకుని పిల్లాడికి మాట ఇవ్వకండి. తెరిచి ఉంటే బోనస్.

గోంగూర_గుంటూరు
పిల్లాడికి మాట ఇవ్వకండి అనేది మాత్రం తండ్రులందరికీ ఉపయోగపడే సలహా.

ఇంజక్షన్_బాబాయ్
నేను తిరుపతి వైపు ఆసుపత్రిలో పనిచేసే డాక్టర్ని. అందరూ ఏనుగులూ చిరుతలూ అంటున్నారు, నా దగ్గరికి అడవి నుంచి వచ్చే కేసుల్లో అవి ఉండవు. స్క్రబ్ టైఫస్ వస్తుంది. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి కనబడనంత చిన్న నల్లి పిల్లల కాటు వల్ల వస్తుంది. కుట్టినప్పుడు తెలియదు. వారం, పది రోజుల తర్వాత గట్టి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, కొందరికి కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది, అది చంకలోనో తొడ సందులోనో ఉంటుంది కాబట్టి ఎవరూ చూసుకోరు. మన దగ్గర వానాకాలం చివర నుంచి చలికాలం దాకా ఎక్కువ. మొదట్లోనే గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌తో తగ్గిపోతుంది, ఆలస్యం చేస్తేనే ఊపిరితిత్తులూ కిడ్నీల దాకా పోతుంది. కాబట్టి: ఫుల్ ప్యాంటు, సాక్సు లోపలికి దోపుకోండి. గడ్డి మీద నేరుగా కూర్చోవద్దు, పడుకోవద్దు, దుప్పటి వేసుకోండి. తిరిగొచ్చాక స్నానం, బట్టలు ఉతకడం. రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే డాక్టర్‌కి "అడవికి వెళ్లొచ్చాం" అని తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క ముక్క చెప్పకపోవడం వల్ల టైఫాయిడ్ అనుకుని తిరిగి తిరిగి వస్తారు.

అత్తగారి_కోడలు
అమ్మో, అత్తయ్య చెట్టు కింద గడ్డి మీదే కూర్చున్నారు.

ఇంజక్షన్_బాబాయ్
అయిపోయిన దానికి కంగారు పడకండి, మీరు వెళ్లొచ్చి నెల దాటి ఉంటే భయం లేదు 🙂 పాము సంగతి కూడా ఒక్క మాట: కరిస్తే తాడు బిగించి కట్టడం, కొయ్యడం, నోటితో పీల్చడం ఏవీ వద్దు. కాలు కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని, యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రికి. అంతే.

చెన్నపట్నం_చిన్నోడు
గుండంలో దూకే వాళ్ల గురించి ఎవరూ రాయలేదే. ఆ మధ్య వార్తల్లో చూశాం, తల కిందికి పెట్టి దూకిన కుర్రాడు నీళ్లలో రాళ్ల మధ్య ఇరుక్కుని చనిపోయాడు. పైనుంచి చూస్తే లోతు తెలియదు, అడుగున రాళ్లూ సొరంగాల్లాంటి సందులూ ఉంటాయి. తడ దగ్గర ఉబ్బలమడుగు, నాగలాపురం కొండల్లో గుండాలు అన్నీ ఇదే కథ, ఈత వచ్చిన వాళ్లే పోతున్నారు. పైగా రాళ్లన్నీ పాకుడు పట్టి ఉంటాయి.

భాకరాపేట_బాబు
ఈత రానోడు భయంతో గట్టునే ఉంటాడన్నా, వచ్చినోడే దిగేది.

మోడరేటర్_పెద్దన్న
ఇంత మంచి చర్చ ఈమధ్య రాలేదు. "అక్కడ మందు దొరుకుతుందా" అని ఒకరు పెట్టిన పోస్టు తీసేశాను, మళ్లీ పెట్టకండి. అడవిలో తాగడానికి పోయే వాళ్లకి ఇక్కడ సమాచారం ఇవ్వం.

ఓరుగల్లు_పోరడు
పెద్దన్న ఫామ్ల ఉండు 🔥

బాటసారి_హైద్
అమ్మకి తలకోన కష్టమైతే ఆ రోజు ఆవిడకి ఇంకేదైనా చూపించగలమా, లేక ప్లానే మార్చమంటారా? హార్స్‌లీ కొండలు అని మా ఆవిడ అంటోంది.

మదనపల్లె_టమాటా
మా ఊరి పక్కనే, నన్ను అడగండి. హార్స్‌లీ హిల్స్ నాలుగు వేల అడుగుల ఎత్తు, పై దాకా కారు పోతుంది, అమ్మకి అదే సుఖం. నీలగిరి చెట్ల మధ్య నడవడానికి చదునైన రోడ్డు, సాయంత్రం చలిగాలి. కానీ జలపాతం లేదు, అడవి లోపలికి పోతున్నామన్న ఫీలింగూ ఉండదు. పిట్టలకి మాత్రం మంచిది, పసుపు గొంతు పికిలిపిట్ట అక్కడే కనబడుతుందని కెమెరాల వాళ్లు వస్తుంటారు, దొరవారు ఒప్పుకుంటారనుకుంటా.

పిట్టలదొర
నూటికి నూరు. దక్షిణాదిన రాతి కొండల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు ఆ పిట్ట.

అత్తగారి_కోడలు
నీళ్లే కావాలంటే పుత్తూరు దగ్గర కైలాసకోన ఉంది కదా. చిన్న జలపాతమే గానీ రోడ్డుకి దగ్గర, పెద్దవాళ్లకి తేలిక. తిరుపతి నుంచి పూట పని.

రైల్వే_రిటైర్డ్
అసలు తిరుమల కొండ మీదే మంచి నడకలున్నాయి, వాటిని ఎవరూ నడక అనుకోరు, మొక్కు అనుకుంటారు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు, కుర్రాళ్లయితే గంటన్నరలో ఎక్కేస్తారు. అలిపిరి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దాకా, నీడ ఎక్కువ. మీరు దంపతులు అటు నడిచి, అమ్మగారినీ బాబునీ బస్సులో పంపండి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఒక ఆరేళ్ల పాపని చంపేశాక పిల్లల విషయంలో టైము నిబంధనలు పెట్టారు, గుంపులుగా పొమ్మంటారు, అందుకే బాబుని నడిపించొద్దంటున్నా.

ఇక అసలైన అడవి నడక కావాలంటే తుంబురు తీర్థం. ఫాల్గుణ పౌర్ణమికి ముక్కోటి అని తెరుస్తారు, పాపవినాశనం దగ్గర నుంచి లోయలోకి దిగి రాళ్ల నడుమ నడక. రామకృష్ణ తీర్థం పుష్య పౌర్ణమికి, కుమారధార మాఘ పౌర్ణమికి. దారిలో అన్నప్రసాదం, మజ్జిగ ఇస్తారు. చిన్నోడు గారు అడిగిన "గైడుతో, సీజన్ చూసి, తెరిచే దారి" మన పెద్దలు ఎప్పుడో పెట్టారు, బుకింగ్ ఒక్కటే ఆన్‌లైన్‌లో లేదు.

చెన్నపట్నం_చిన్నోడు
తాతగారూ, ఏడాదికోసారి వేలమంది ఒకే రోజు దిగితే అడవికి ఏం మిగులుతుంది? అదే జనాన్ని రోజుకి యాభై మంది చొప్పున వంద రోజులు పంపితే గైడ్లకి పని, అడవికి ఊపిరి. భక్తిని నేను తప్పు పట్టట్లేదు, లెక్క చెప్తున్నా.

రైల్వే_రిటైర్డ్
మీ లెక్క కరెక్టే బాబూ, పౌర్ణమిని వంద రోజులు ఎవరు చేస్తారో చూడండి ముందు.

బీటు_మనిషి
తాతగారు గెలిచారు 😀 కానీ నా మాట కూడా రాసుకోండి, తీర్థం ముక్కోటి అయ్యాక ప్లాస్టిక్ ఏరేది కూడా మా లాంటి ఊళ్ల వాళ్లే. తలకోనకి వచ్చేటప్పుడు ఎవరి చెత్త వాళ్లు ఒక సంచిలో వేసుకుని తిరుపతి దాకా తీసుకుపోతే చాలు. చిప్స్ ప్యాకెట్లు కోతుల ముందు తెరవద్దు, చేతిలో ప్లాస్టిక్ కవరు కనబడితే అందులో తిండి ఉందనే వాటి లెక్క. బ్యాగు జిప్పు తీసే కోతుల్ని చూశాను.

ఎడిసన్_ఎల్లయ్య
ఇక్కడ ఎలుగుబంట్లకి తిండి అందకుండా ఇనప డబ్బాలు పెడతారు. మీ కోతులకి అవి కూడా చాలవేమో.

భాకరాపేట_బాబు
చాలవు. మూత తీసి మళ్లీ పెట్టిపోతాయి మావి.

బాటసారి_హైద్
సరే ఇదీ ప్లాన్, తప్పులుంటే చెప్పండి. దీపావళికి ముందు వారం. తిరుమల దర్శనం సోమవారం, మంగళవారం మధ్యాహ్నం తలకోన చేరి రాత్రి అక్కడే. బుధవారం పొద్దున్నే ఏడింటికి నేనూ మా ఆవిడా బాబూ గైడుతో నడక, అమ్మ గదిలో విశ్రాంతి, తర్వాత అందరం గుడికి. జలపాతం దగ్గర ఒడ్డునే, నీళ్లలోకి మోకాలు దాటి దిగం. పన్నెండు లోపు బయల్దేరి మదనపల్లె మీదగా హార్స్‌లీ కొండలు, అక్కడ ఒక రాత్రి. వానుంటే తలకోన తీసేసి నేరుగా హార్స్‌లీ.

మదనపల్లె_టమాటా
పర్ఫెక్ట్. మదనపల్లెలో టమాటా మార్కెట్ చూడకుండా పోవద్దు, అది మా జలపాతం.

భాకరాపేట_బాబు
ప్లాన్ బాగుండాది అన్నా. రెండు సంగతులు. లోపల సిగ్నల్ ఉండదు, ఫోన్‌పేలూ గూగుల్‌పేలూ ఆడవు, చిల్లర నోట్లు పెట్టుకోండి. గైడుకు ముందే ఎంతని మాట్లాడుకోండి, తర్వాత ఇద్దరికీ మొహమాటం ఉండదు. తిండికి ముందు రోజే చెప్తే సంగటి, నాటుకోడి పులుసు వండిస్తారు. అప్పటికప్పుడు అడిగితే కోడిని యాడ పట్టేది.

బాటసారి_హైద్
అమ్మ నాన్‌వెజ్ తినదు బాబూ.

భాకరాపేట_బాబు
దానికేముంది, అమ్మకు సంగటిలోకి చెనక్కాయల ఊరిబిండి నూరిస్తాం. కోడి మీ ముగ్గురికి. మంగళవారం ఎన్నింటికి వస్తారో ముందు రోజు ఈడనే రాయండి, నేరబైలులో మావాళ్లకు చెప్పిపెడతా.